దేవుడికి చెప్పిన చిరునామా

శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఛైహున్ తన తండ్రి చెరువును ఈ దేశపు పౌరుల్లో ఎవరికో ఒకరికి అమ్మేయాలి. అమ్మకపోతే సర్కారే వేలం వేసి, వచ్చిన డబ్బు ఆమె చేతిలో పెడుతుంది. పరాయి దేశం వాళ్లకు ఇక్కడ ఇల్లుండొచ్చు, దుకాణం ఉండొచ్చు. చేపల చెరువు మాత్రం ఉండకూడదు. వారసత్వంగా వస్తే వదిలించుకోవడానికి మూడేళ్లు గడువిస్తారు. పెళ్లయ్యాక జపాన్ పౌరురాలైన ఆమె అందులో రెండేళ్ల పదకొండు నెలలు కోబేలో కూర్చుని "చూద్దాంలే" అంటూ గడిపేసింది. ఇప్పుడు నాలుగు రోజులు మిగిలాయి.

మంగళవారం మధ్యాహ్నం దస్తావేజు లేఖరి గో గారి ఆఫీసులో కూర్చుంది. ఆయన వక్క నములుతూ చిన్న చిన్న కప్పుల్లో టీ పోశాడు.

"ఎవరి పేర పెడుతున్నారు?" అని అడిగాడు, గొడుగు ఎవరింట్లో పెట్టి వెళ్తున్నారన్నంత తేలిగ్గా. ఈ తీరంలో అది అంత తేలికైన సంగతే. పన్నుకి భయపడి తమ్ముడి పేర, పెళ్లానికి భయపడి తల్లి పేర భూములు పెట్టుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పేరు అరువిచ్చేవాడిని ఎవరూ పెద్దగా అడగరు కూడా. చెబుతారు, అంతే.

"ఖున్సాన్ అన్న పేర."

"మీ చెరువు వాటాకి చేసే ఖున్సానా? మంచి మనిషిని పట్టారు. నోట్లో నాలుక లేనివాడు. ఆయనతో మాట్లాడారా?"

"ఫోన్లో చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఊఁ అన్నాడు."

గో గారు పొట్ట కదిలేలా నవ్వాడు. "ఖున్సాన్ ఊఁ అన్నాడంటే ఉపన్యాసం ఇచ్చినట్టే." తర్వాత మూడు కాగితాలు తీసి బల్ల మీద వరసగా పేర్చాడు. "మొదటిది అమ్మకం. ఇది ఆఫీసుకి వెళ్తుంది. రెండోది మీ ఇద్దరి మధ్యే ఉండే ఒప్పందం. చెరువు అసలు మీదే, అడిగిన రోజున తిరిగి రాసిస్తానని. ఇది మీ బీరువాలో ఉంటుంది."

"మూడోది?"

"మూడోదే ప్రాణం. ఖున్సాన్ మీ దగ్గర చెరువు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నట్టు. ఆయన మంచివాడే. రేపు ఆయన పోతే కొడుకులిద్దరున్నారు, వాళ్లూ మంచివాళ్లేనని మీరు రాసిస్తారా? తాకట్టు ఉంటే ఎవరూ అమ్ముకోలేరు. చుట్టూ సోలార్ పలకల కంపెనీ వాళ్లు బేరాలు చేస్తుంటే మనిషి మనసు ఎంతసేపమ్మా?"

ఛైహున్‌కి ఆ మాట నచ్చలేదు కానీ, తోసెయ్యడానికి కారణమూ దొరకలేదు. కిటికీలోంచి చూస్తే నిజంగానే ఆ వైపు చెరువులన్నీ నల్లటి పలకల కింద పడుకుని ఉన్నాయి. నాన్న చెరువు అలా కాకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే. తను పుట్టిన చోట తనదంటూ ఒక గట్టు ఉండాలి.

"సరే, మూడూ తయారు చేయండి," అంది.

*

బుధవారం సాయంత్రం ఆమె చెరువు దగ్గరికి వెళ్లేసరికి ఖున్సాన్ ఛాతీ దాకా రబ్బరు తొడుగు వేసుకుని నీళ్లలో ఉన్నాడు. ఆయనకి అరవై ఆరేళ్లు, ఆమెకన్నా ఏడేళ్లు పెద్ద. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ వయసు కనిపించదు. గట్టెక్కినప్పుడే మోకాళ్లు పట్టుకుంటాడు.

"వచ్చేవా చెల్లాయ్. అక్కడే ఉండు, బురద," అన్నాడు. అంతే. కాగితాల ఊసెత్తలేదు.

మర్నాడు పట్టుబడి. వారాంతానికి చలిగాలి వస్తుందని రేడియోలో చెప్పారు. పాలబొంత చేపకి చలి తగిలితే తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలు తేలతాయి. అందుకని ముందే పట్టేస్తున్నారు. రెండు రోజులుగా మేత ఆపేశారు. ఇప్పుడు ఖున్సాన్, కూలీలు ఇద్దరు కలిసి పొడుగాటి వెదుళ్లతో నీళ్ల మీద బాదుతూ ఒక మూల నుంచి ఇంకో మూలకి నడుస్తున్నారు. భయపడ్డ చేప కడుపు ఖాళీ చేసుకుంటుంది. అప్పుడే పేగు శుభ్రంగా ఉండి పొద్దున వేయించుకోవడానికి పనికొస్తుంది. బెదరగొట్టని చెరువు చేపని బజారులో ఎవరూ పేగుతో కొనరు. ఎక్కువ బెదరగొడితే ఒళ్లు కమిలి ధర పడిపోతుంది. ఎంత బాదాలో చేతికి తెలియాలి. నాన్నకి ఆ చెయ్యి ఎప్పుడూ రాలేదు. ఒక్కో దెబ్బకీ నాలుగేసి చేపలు వెండిముద్దల్లా గాల్లోకి లేచి పడుతున్నాయి.

"నుంచుని చూస్తావేంటమ్మాయ్, ఆ తట్టలిలా తే," అని కేకేసింది ఖున్సాన్ భార్య సూలియెన్. ఆవిడ మాట ఎప్పుడూ అంతే, అడిగినట్టుండదు, తోసినట్టుంటుంది. "జపాన్లో చేతులకి తట్టలు మోసే అలవాటు పోయిందా?"

"పోలేదులే వదినా."

"అయితే రెండేసి తే. ఒక్కోటీ తెచ్చేవాళ్లకి మా ఇంట్లో జావ పొయ్యను."

ఛైహున్ నవ్వుతూ రెండేసి మోసింది. చేతులు నొప్పెట్టాయి, మనసు మాత్రం హాయిగా ఉంది. ఇమిగ్రేషన్ వరసలో పరాయి దేశస్థుల వైపు నిలబడినప్పుడు గుండెలో పడ్డ ముడి ఇక్కడ కొంచెం సడలింది.

పొద్దు వాలుతుండగా తట్టలన్నీ పేర్చేశారు. ఖున్సాన్ చేతులు కడుక్కుని తూము పక్కన ఉన్న భూమిదేవుడి గూటి దగ్గరికి వెళ్లాడు. మోకాలెత్తు గూడు, లోపల గెడ్డం ముసలాయన బొమ్మ. చెరువు చేసేవాళ్లు నెలకి రెండుసార్లు, పట్టుబడికి ముందు ఒకసారి, ఆయనకి అగరొత్తులు వెలిగిస్తారు. ఛైహున్ మోటారు పాక వెనక చెప్పులు కడుక్కుంటోంది. ఆమె అక్కడుందని ఖున్సాన్‌కి తెలియదు.

దేవుడికి మొక్కేటప్పుడు పేరూ, చిరునామా చెప్పాలి. లేకపోతే ఆయన మాత్రం ఎవరింటికని పంపుతాడు మేలు? ఖున్సాన్ మూడు ఒత్తులు నుదుటి దాకా ఎత్తి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఛ్వా ఛైహున్. కోబే నగరం, నాగాతా పేట, మూడో వీధి, ఎనిమిదో నంబరు, రెండో అంతస్తు."

ఛైహున్ చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది. జపాను మాటలు ఆయన నోట్లో వంకరటింకరగా వచ్చాయి కానీ ఒక్క అంకె తప్పలేదు. ఏటా ఎండుచేపల పార్సిలు పంపేవాడు కదా, అలా నోటికొచ్చి ఉంటుంది.

"ఇది ఆవిడ చెరువు. ముందు వాళ్ల నాన్నది. రేపు పట్టుబడి, తమరు చూసుకోవాలి. ఇంకో సంగతి. ఎల్లుండి నుంచీ కాగితం మీద నా పేరుంటుంది. తమరు కంగారు పడొద్దు. నేనేం దొంగతనం చెయ్యలేదు. పేరొక్కటే. వచ్చే మేలు ఆవిడకే పంపండి."

ఒత్తులు గుచ్చి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి వెళ్లిపోయాడు.

ఛైహున్ కళ్లు తుడుచుకుంది. ఇలాంటి మనిషి చేతుల్లో పెట్టాక ఇక భయమెందుకు అనుకుంది. తను సరైన మనిషినే ఎంచుకుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత ఆమెకు బాగా నిద్ర పట్టింది. ఆయన మాటల్లో తను విన్నది అంతవరకే.

*

గురువారం తెల్లారుజామున వలల ముఠా దిగింది. వెలుగు వచ్చేసరికి సగం చెరువు లాగేశారు. వల దగ్గరకొచ్చే కొద్దీ నీళ్లు ఉడికినట్టు కుతకుతలాడాయి. గట్టు మీద సూలియెన్, ఛైహున్ ఎదురెదురుగా కూర్చుని సైజు ప్రకారం ఏరుతున్నారు. పెద్దవి ఎడమ తట్టలో, నడిరకం కుడివైపు, కమిలినవి వెనక్కి. సూలియెన్ చేపని చూడదు. తోక పట్టుకుని ఎత్తగానే చెయ్యే తూకం చెప్పేస్తుంది.

ఎనిమిదింటికి లారీ వెళ్లిపోయింది. పాకలో సూలియెన్ జావలో చేప ముక్కలు వేసి దించింది, పేగులు కరకరలాడేలా వేయించింది. అందరూ తిన్నాక, "ఏయ్ అమ్మాయ్, గిన్నెలు కడుగు. నువ్వేం పెళ్లికూతురివా," అంది. ఛైహున్ తొట్టి దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది.

అప్పుడు మోగింది ఖున్సాన్ ఫోను. ఆయన చేతులు తడిగా ఉన్నాయని సూలియెన్ ఎత్తింది. "ఆఁ... ముద్ర తెస్తాడు. ఏ కాగితానికి? అప్పు కాగితమా?" అంటూ గొంతు పెంచింది. గో గారి గుమాస్తా, సంతకానికి బదులు వేసే పేరు ముద్ర తెచ్చుకోమంటున్నాడు. సూలియెన్ ఫోను బల్ల మీద పెట్టి తొట్టి దగ్గరికి వచ్చింది.

"మేం నీ దగ్గర అప్పెప్పుడు చేశాం అమ్మాయ్?"

ఛైహున్ నీళ్లు నమిలింది. "అది... ఉత్తుత్తి అప్పు వదినా. గో గారు రాయించమన్నారు. చెరువుకి కాపలా కోసం."

"ఎవరి నుంచి కాపలా? ఈయన నుంచా?"

"అన్న నుంచి కాదు. రేపెప్పుడైనా..."

"మా పిల్లల నుంచి. అదేగా?" సూలియెన్ నడుం మీద చెయ్యి పెట్టింది. "ఉత్తుత్తి యజమాని, ఉత్తుత్తి అప్పు. బావుంది. మరి ఇరవై ఏడేళ్లు ఈయన మోకాళ్లరిగాయి చూడు, అదీ ఉత్తుత్తేనా?"

"ఊరుకోవే," అన్నాడు ఖున్సాన్.

"ఇరవై ఏడేళ్లు ఊరుకున్నాను. నేనూ నోరు తిప్పడం మర్చిపోతానేమో అని భయంగా ఉంది."

ఛైహున్‌కి ఉక్రోషం వచ్చింది. తోముతున్న గిన్నె తొట్టిలో వదిలేసింది. "నన్నేం చెయ్యమంటారు? నేను పుట్టిన చోటు ఇది. ఈ తూము చెక్క పట్టుకుని ఈత నేర్చుకున్నాను. ఇక్కడే నన్ను పరాయిదానివంటున్నారు. నాకెలా ఉంటుందో ఒక్కరైనా ఆలోచించారా?"

"నిన్ను సర్కారు పరాయిదానివంది," అంది సూలియెన్. గొంతు తగ్గింది, కానీ మెత్తబడలేదు. "ఉత్తరం రాసి, గడువిచ్చి, గౌరవంగా అంది. మమ్మల్ని ఏమందో తెలుసా? ఏమీ అన్లేదు. మేం ఉన్నట్టే దానికి తెలీదు. మీ నాన్న నోటిమాట మీద చేశాం, కాగితం ముక్క లేదు. పెద్ద తుఫానుకి గట్లు తెగిపోయినప్పుడు పరిహారం ఎవరి పేర వచ్చింది? ఆ గట్లు మళ్లీ ఎవరు కట్టారు? మట్టి మోసీ మోసీ నాకు ఆ చలికాలమంతా దగ్గితే రక్తం పడింది. మీ నాన్న ఆ ఏడు నిన్ను చూడ్డానికి విమానమెక్కాడు."

ఛైహున్‌కి ఆ ఏడు గుర్తుంది. నాన్న కోబే స్టేషన్లో దిగాడు, చేతిలో ఆమె కోసం కొన్న ఉన్ని కోటు. అంత ఖరీదైనది ఎందుకు నాన్నా అంటే, ఈ ఏడు కాస్త చేతిలో ఆడిందిలే అన్నాడు. ఆ కోటు ఇంకా ఆమె బీరువాలో ఉంది. చలి ముదిరితే అదే వేసుకుంటుంది.

ఖున్సాన్ వల మీద పడ్డ పొలుసులు దులుపుతూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"చెల్లాయ్, అప్పుందని పిల్లలకి చెప్పనా, లేదని చెప్పనా? రేపు నేను పోతే వాళ్లు కాగితమే చదువుతారు."

కోపం లేదు ఆయన గొంతులో. ఏ తట్ట ఎక్కడ పెట్టాలని అడిగినట్టు అడిగాడు. ఛైహున్ తొట్టిలో చెయ్యి పెట్టి గిన్నె కోసం వెతుక్కుంది.

ఆ రోజంతా ఆమెకు సూలియెన్ మీద కోపంగానే ఉంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల, కంపెనీకే అమ్మేసి పోతే ఈ మాటలు పడేదాన్ని కాదు కదా అని కూడా అనుకుంది. బస చేసిన గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుంటే మాత్రం ఖున్సాన్ గొంతే వినిపించింది. నాగాతా పేట, మూడో వీధి, ఎనిమిదో నంబరు. మూడేళ్లుగా నెలకి రెండుసార్లు. అంతకు ముందు ఇరవై నాలుగేళ్లు నాన్న పేరు, నాన్న చిరునామా. ఆ దేవుడి చెవిలో ఒక్కసారైనా తన పేరు వేసుకోని మనిషి ఎండకీ బురదకీ నిలబడితే, దూరాన ఎక్కడో ఉన్నవాళ్లకి మేలు జరిగింది. నిన్న అదే విని తను కళ్లు తుడుచుకుని హాయిగా నిద్రపోయింది. ఆమెకు సిగ్గేసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం భూముల ఆఫీసులో జనం పల్చగా ఉన్నారు. ఖున్సాన్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, మడతలు ఇంకా విడలేదు. సూలియెన్ రాలేదు.

కౌంటరులో ఉన్న అమ్మాయి పిలిచింది. "మోరికావా అయా గారూ."

జపాన్ పాస్‌పోర్టులో ఉన్న తన పేరే అయినా, రెండోసారి పిలిచాక కానీ ఛైహున్ లేవలేదు. సంచిలోంచి చిన్న డబ్బీ తీసి, ఎద్దుకొమ్ముతో చేసిన ముద్రని ఎర్రరంగులో అద్దింది. పెళ్లికి ముందు నాన్న చెక్కించిన ముద్ర అది. ఎన్ని ఇళ్లు మారినా పారేయలేదు.

ఆ అమ్మాయి ముద్ర వైపు చూసి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇది ఛ్వా ఛైహున్ పేరుతో ఉందండీ. అమ్మేది మోరికావా అయా గారు కదా. ఇది వేస్తే కాగితం చెల్లదు. సంతకం చెయ్యండి చాలు."

"ఇద్దరూ నేనే."

"తెలుసండీ," అంది ఆ అమ్మాయి జాలిగా. "కానీ చెల్లదు."

ఛైహున్ ముద్రకంటిన రంగు రుమాలుతో తుడిచింది. ఎంత తుడిచినా అక్షరాల సందుల్లో ఎరుపు పోలేదు. డబ్బీలో పెట్టి మూసింది. పౌరసత్వం మార్చుకున్న రోజున ఆమె ఏడవలేదు, ఒక కాగితం పోయి ఇంకో కాగితం వచ్చిందనుకుంది. ఇప్పుడు మాత్రం ఆ డబ్బీని పిడికిట్లోంచి వదల్లేదు.

వెనక నుంచి గో గారు మిగతా రెండు కాగితాలు ముందుకు జరిపాడు. ఒప్పందం మీదా, అప్పు పత్రం మీదా ఖున్సాన్ ముద్ర అప్పటికే పడి ఉంది. చదవకుండానే వేశాడని చూస్తేనే తెలుస్తోంది. ముద్ర తలకిందులుగా ఉంది.

"ఇవి అక్కర్లేదండీ," అంది ఛైహున్.

"అక్కర్లేదంటే?"

"మొదటిదొక్కటే పెట్టండి. అందులో ధర దగ్గర మార్చి రాయండి. నాన్నకి ఏటా ఇచ్చే వాటా ఎంతో అంతే అన్న నాకు ఇంకో ఎనిమిదేళ్లు ఇస్తాడు. తర్వాత ఏమీ లేదు."

గో గారు వక్క నమలడం ఆపేశాడు. ఆమెని పక్కకి లాగి గుసగుసగా అన్నాడు. "మతుండే మాట్లాడుతున్నారా? ఈ రెండూ లేకపోతే చెరువు నిజంగా ఆయనదైపోతుంది. రేపు మీరొచ్చి అడిగినా దేవుడు కూడా ఇప్పించలేడు."

"దేవుడి సంగతి నాకు తెలుసులెండి."

"పోనీ, ఆ ఎనిమిదేళ్ల వాటాకైనా హామీ ఉండాలి కదమ్మా?"

ఛైహున్ ఖున్సాన్ వైపు తిరిగింది. "అన్నా, ఇస్తావా?"

ఖున్సాన్ చొక్కా అంచు రెండు చేతులతో పట్టుకుని, "నేనడగలేదు చెల్లాయ్. దాని మాటలు పట్టించుకోకు. నేనడగలేదు," అన్నాడు.

"అడగలేదు. ఇస్తావా, ఇవ్వవా?"

ఆయన పెదవులు కదిలాయి.

"ఊఁ."

"అదీ హామీ," అంది ఛైహున్. గో గారు తల పట్టుకుని ధర మార్చి రాయడానికి కూర్చున్నాడు. ఆయన ఫీజులో రెండు కాగితాలు తగ్గాయి మరి.

ఆఫీసు మూయడానికి ఇరవై నిమిషాలుందనగా ఆమె మోరికావా అయా అని సంతకం చేసింది. దానం చేసినవాళ్లకు కలిగే హాయి లాంటిదేమీ కలగలేదు. పన్ను పీకించుకున్నట్టుంది. నాలుక మాటిమాటికీ ఆ ఖాళీ దగ్గరికే పోతోంది.

*

శనివారం పొద్దున్న చలిగాలి రానే వచ్చింది. మధ్యాహ్నం విమానం. సామాను కారులో పెట్టి ఛైహున్ చెరువు దగ్గర ఆగింది. తూము ఎత్తేసి ఉంది. నీళ్లు సముద్రం వైపు జారిపోయి అడుగు మట్టి బయటపడుతోంది. ఇక రెండు నెలలు ఎండబెడతారు.

ఖున్సాన్ అగరొత్తులు వెలిగించి ఆమెకు మూడిచ్చాడు. పట్టుబడి బాగా అయిందని చెప్పుకోవాలి కదా. సూలియెన్ వెనక నిలబడింది. మొన్నటి సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

ఆయన ఒత్తులు నుదుటికి ఎత్తాడు. "ఛ్వా ఛైహున్. కోబే నగరం, నాగాతా పేట..."

"తప్పు చెబుతున్నావు అన్నా," అంది ఛైహున్.

ఆయన ఆగిపోయాడు. గాలికి ఒత్తుల చివర బూడిద రాలి మణికట్టు మీద పడింది. దులుపుకోలేదు.

"చెప్పవయ్యా, నీ పేరు మర్చిపోయావా?" అంది సూలియెన్. వెక్కిరిద్దామనుకుంది కానీ మాట మెత్తగా వచ్చింది.

"టాన్ ఖున్సాన్," అన్నాడాయన. "పాత ఉప్పుకయ్యల వీధి, పదకొండో నంబరు." ఒత్తులు సరిచేసుకున్నాడు. "ఈ చెరువు... ఈ చెరువు..."

మూడుసార్లు మొదలుపెట్టాడు. ఆ మాట నోటికి రాలేదు. చివరికి ఒత్తులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఛైహున్ తన ఒత్తులు ఎత్తింది. గూట్లో ఉన్న ముసలాయన చిన్నప్పటి నుంచీ ఆమెకు తెలుసు. ఆయనకే ఆమె తెలియాలి.

"మోరికావా అయా," అంది నెమ్మదిగా. ఆ పేరు ఈ దేవుడికి ఎప్పుడూ చెప్పలేదు. "కోబే నగరం, నాగాతా పేట, మూడో వీధి, ఎనిమిదో నంబరు, రెండో అంతస్తు. చూసిపోదామని వచ్చాను. ఈ చెరువు టాన్ ఖున్సాన్‌ది. మేలు ఇక్కడికే పంపండి."

ఒత్తులు గుచ్చి పక్కకి జరిగింది.

పాకలో సూలియెన్ వేడి జావ పోసింది. ఈసారి పెద్ద చేప పొట్టముక్క ఆమె గిన్నెలోనే వేసింది. పింగాణీ గిన్నె, అంచున నీలం పువ్వులు. లోపలి అరలోంచి తీసింది కాబోలు, మొన్నటిది సత్తుగిన్నె. ముగ్గురూ తలలు దించుకుని తిన్నారు. తినడం అయ్యాక ఛైహున్ అలవాటుగా తన గిన్నె తీసుకుని తొట్టి దగ్గరికి నడిచింది.

సూలియెన్ గబగబా లేచి వచ్చి ఆమె చేతిలోంచి గిన్నె అందుకుంది.

"అయ్యో, మీరెందుకండీ," అంది ప్రేమగా. "చుట్టాల చేత గిన్నెలు కడిగిస్తామా?"